చిన్న చేతికి అందేలా లివర్లు: యూనికార్న్ 150 ప్రాజెక్టు డైరీ

బండి: హోండా యూనికార్న్ 150. ముందు డిస్క్ బ్రేకు, కేబుల్ క్లచ్, ఒకే గొట్టంతో చేసిన హ్యాండిల్ బార్. నడిపే ఆవిడ అరచెయ్యి మణికట్టు గీత నుంచి నడివేలి కొస దాకా 162 మి.మీ. రోజూ తిరిగేది అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి. పొద్దున సాయంత్రం ఆ దారిలో క్లచ్ పట్టుకుని ఉండే సమయం వదిలి ఉండే సమయం కన్నా ఎక్కువ. ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి. కుడి చేత్తో బ్రేకు పడుతుంటే వేళ్ళ కొసలే ఆనుతున్నాయి, పట్టు దొరకడం లేదు. ఇంతకు ముందు చూసిన మెకానిక్ మాట: "అక్కా, నాలుగు రోజుల్ల అలవాటైపోతది." ఏడాదైంది, అలవాటు కాలేదు.

మొదటి శనివారం: కొలతలు

లివర్ "దూరంగా ఉంది" అని ఎవరన్నా మూడు వేర్వేరు సంగతుల్లో ఏదో ఒకటి కావచ్చు. లివర్ వాలు సరిపోకపోవచ్చు. వదిలేసినప్పుడు అది నిలిచే చోటు దూరం కావచ్చు. లేదా క్లచ్ పట్టే బిందువు (లివర్ వదులుతుంటే బండి కదలడం మొదలయ్యే చోటు) దూరం కావచ్చు. చాలా షెడ్లలో ఈ మూడింటికీ ఒకటే మందు: క్లచ్ వైరు నట్టు తిప్పడం. అది మూడోదాన్ని మాత్రమే మారుస్తుంది. మొదటి రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి.

కొలిచే చోటు ముందే ఖాయం చేసుకోవాలి. గ్రిప్ ముందు అంచుకీ లివర్‌కీ మధ్య సందు కొలిస్తే మోసపోతాం. గ్రిప్ సన్నబడితే ఆ సందు పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ చేతికి నిజంగా దగ్గరవుతుంది. అందుకని అరచెయ్యి ఆనే వైపు గ్రిప్ అంచు నుంచి లివర్ బయటి అంచు దాకా, చూపుడువేలు పడే చోట కొలిచాం. క్లచ్ వైపు 110 మి.మీ., బ్రేకు వైపు 107. ఆవిడ చేతికి బొటనవేలి చీలిక నుంచి చూపుడువేలి కొస దగ్గరి గీత దాకా 94 మి.మీ. ఆ గీత లివర్‌ను దాటి కొక్కెంలా పట్టుకోవాలి. అంటే ఇటు 16, అటు 13 మి.మీ. తక్కువ పడుతోంది.

ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి వాలు చూశాం. లివర్లు రెండూ నేలకు సమాంతరం నుంచి 12 డిగ్రీలు కిందికి వాలి ఉన్నాయి. సీటు మీద కూర్చుని చేతులు చాపితే ముంజేయి వాలు 31 డిగ్రీలు. ఈ తేడా అంతా మణికట్టు వెనక్కి విరిచి సర్దుకుంటోంది. బొటనవేలి నొప్పికి లివర్ దూరం ఎంత కారణమో ఈ విరుపూ అంతే.

క్లచ్ బరువుకు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు చాలు. చూపుడు, నడివేళ్ళ మధ్య పడే చోట కొక్కెం తగిలించి, లివర్ గ్రిప్‌కు ఆనేదాకా లాగితే 5.8 కిలోలు. ఇదే చోట గుర్తు పెట్టుకుని ప్రతిసారీ తూచాలి. చోటు ఒక సెంటీమీటరు జరిగినా అంకె మారిపోతుంది.

ఆ రోజు చేసిన పని ఒక్కటే: గ్రిప్‌ల మీది స్పాంజి కవర్లు కోసి పారెయ్యడం. వాటితో గ్రిప్ మందం 41 మి.మీ., లేకుండా 33. అరచెయ్యి 4 మి.మీ. ముందుకు జరిగింది. పైసా ఖర్చు లేదు. క్లచ్ 106, బ్రేకు 103. చెమట పట్టదని ఈ కవర్లు వేయించుకుంటారు గానీ చిన్న చేతులకు వీటంత చేటు ఇంకోటి లేదు.

ఆదివారం: వాలు, పక్కకు జరపడం

ముందు హ్యాండిల్ బారే రైడర్ వైపు తిప్పి చూశాం. పనికి రాలేదు. బార్ తిప్పితే దాని మీదున్నవన్నీ కలిసి తిరుగుతాయి, గ్రిప్‌లు కిందికి దిగి మోచేతులు పక్కటెముకలకు ఆనాయి. మళ్ళీ బార్ మీది చుక్క గుర్తు కింది హోల్డర్ అంచుకు కలిసేలా పెట్టి బిగించాం. పై హోల్డర్ మీది చుక్క ముందు వైపుకు ఉండాలి. ముందు బోల్టులు పూర్తిగా బిగించాక వెనకవి. సందు వెనక మాత్రమే మిగలాలి. రెండు వైపులా సమంగా సందు వచ్చేలా బిగించిన బళ్ళు చాలా కనిపిస్తాయి, అది తప్పు.

తర్వాత లివర్ బ్రాకెట్లు. విప్పే ముందు తెల్ల పెయింటు పెన్నుతో పాత చోటు గీసుకోవాలి. క్లచ్ బ్రాకెట్ వదులు చేసి 27 డిగ్రీలకు దించాం. 31 దాకా వెళ్ళలేదు. పూర్తిగా ముంజేతి గీతలో పెడితే బండి మీద కాస్త లేచినప్పుడు, స్పీడ్ బ్రేకర్ దగ్గర, వేళ్ళు లివర్ పైనుంచి జారతాయి.

కుడివైపు అంత స్వేచ్ఛ లేదు. బ్రేకు లివర్‌తోపాటు ఆయిల్ డబ్బా కూడా తిరుగుతుంది. డబ్బా మరీ ఒరిగితే ఒక మూలకు ఆయిల్ చేరి, లోపలి రంధ్రాల మీద ఆయిల్ మట్టం తగ్గుతుంది. అక్కడ గాలి దూరితే బ్రేకు స్పాంజిలా అయిపోతుంది. హ్యాండిల్ నిటారుగా, పూర్తి ఎడమకు, పూర్తి కుడికి, మూడు చోట్లా ఆయిల్ కింది గీతకు పైనే ఉండాలి. అలా చూసుకుంటూ 22 డిగ్రీల దగ్గర ఆగాం. ఎడమకీ కుడికీ 5 డిగ్రీల తేడా ఉంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు కుడి మణికట్టు ఎలాగూ దిగి వేళ్ళు పైకి లేస్తాయి కాబట్టి ఆ తేడా చేతికి తెలియలేదు.

బ్రేకు సిలిండర్ (ఆయిల్ డబ్బా, లివర్ ఉండే భాగం) బిగింపు పట్టీ మీద "అప్" అనో, బాణం గుర్తో ఉంటుంది, అది పైకి చూడాలి. పై బోల్టు ముందు, కింది బోల్టు తర్వాత. ఎం6 (6 మి.మీ.) బోల్టు, బిగింపు బలం 12 న్యూటన్ మీటర్లు. ఆ బలం చూపించే టార్క్ రెంచ్ లేకపోతే చిన్న పానా పిడి చివర పట్టుకోకుండా మధ్యలో పట్టుకుని బిగించండి. అల్యూమినియం మరలు ఒక్క బలమైన లాగుడుకు పోతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. స్విచ్ డబ్బా లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్ గొట్టంలోని రంధ్రంలో కూర్చుంటుంది. లివర్‌తోపాటు స్విచ్‌లు కూడా తిప్పాలనిపించి ఆ పిన్ను ఆకురాయితో రాసేస్తారు. కుడివైపు అలా చేస్తే డబ్బా మొత్తం యాక్సిలరేటర్‌తోపాటు తిరగడం మొదలెడుతుంది, వైరు లాగుతుంది, ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి ఇంజన్ వేగం) దానంతటదే పెరుగుతుంది. స్విచ్‌లను ముట్టుకోలేదు. బొటనవేలికి హారన్ అందుతోంది, అది చాలు. హైదరాబాద్‌లో హారన్ అందకపోతే బండి నడిచినట్టు కాదు, అది వేరే బాధ.

క్లచ్ బ్రాకెట్‌ను లోపలి వైపుకు, అంటే బండి మధ్యకు, 9 మి.మీ. జరిపాం. కీలు నుంచి వేళ్ళు పడే చోటుకు దూరం 120 నుంచి 129 మి.మీ. అయింది. త్రాసులో 5.8 కాస్తా 5.4 చూపించింది. లెక్క కూడా అదే చెబుతుంది. ఇంకా జరపాలంటే హ్యాండిల్ వంపు అడ్డం వస్తుంది, వంపు మీద బ్రాకెట్ బిగిస్తే సరిగ్గా కూర్చోదు.

బుధవారం సాయంత్రం: వైరు

క్లచ్ వైరు ఊడదీసి చూస్తే లివర్ వైపు, వైరు కొసనుండే గుండు దగ్గర రెండు పోగులు తెగి ఉన్నాయి. ఎందుకు అక్కడే తెగుతాయంటే, లివర్ లాగిన ప్రతిసారీ ఆ గుండు తన గూట్లో తిరగాలి. గ్రీజు ఎండి, దుమ్ము చేరి గుండు బిగుసుకుంటే అది తిరగదు, దాని బదులు వైరు వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో అదే అవుతుంది. రెండు పోగులు తెగాక ఇక నూనె పోసి లాభం లేదు.

కోఠీ దగ్గర పుత్లీబౌలిలో కొత్త వైరు. పాతదాని పక్కన పెట్టి చూసి కొనాలి. బయటి తొడుగు పొడవు, లోపలి వైరు బయటకు వచ్చే పొడవు, రెండూ కలవాలి. తొడుగు 10 మి.మీ. తేడా ఉన్నా కింది నట్ల మరలు సరిపోవు. బిగించే ముందు ప్లాస్టిక్ కవరు మూల కత్తిరించి, పై చివరకు గరాటులా రబ్బరు బ్యాండుతో కట్టి, పది పదిహేను చుక్కలు ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదీశాం. పొద్దునకు కింద చుక్క కనిపించింది. గుండుకు కాస్త గ్రీజు. హెడ్‌లైటు వెనక గైడు రింగులోంచే వైరు పోవాలి, ఆ రింగు వదిలేసి బయటి నుంచి లాగితే హ్యాండిల్ తిప్పినప్పుడు వైరు బిగుసుకుంటుంది.

త్రాసు: 4.6 కిలోలు.

రెండో శనివారం: క్లచ్ లివర్ దూరం

వాలు, బరువు కుదిరాక కూడా లివర్ నిలిచే చోటు 106 మి.మీ. దగ్గరే ఉంది. చాలామంది ఇక్కడ లివర్‌ను వైసులో పెట్టి వంచుతారు. పోత అల్యూమినియం ఒకసారి వంగినట్టే కనిపిస్తుంది, లోపల వెంట్రుకంత చీలిక పడుతుంది, విరిగేది మాత్రం మియాపూర్ సిగ్నల్ దగ్గరో పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదో. వద్దు.

మార్కెట్‌లో దొరికే, దూరం సర్దుకునే ఆరు అంకెల మీట ఉన్న లివర్ ఒకటి వేసి చూశాం. రెండు లోపాలు. ఒకటి, 6 మి.మీ. కీలు బోల్టుకు 6.4 మి.మీ. రంధ్రం, లివర్ కొస పైకీ కిందికీ 5 మి.మీ. ఊగుతోంది. రెండోది పైకి కనిపించదు: కీలు మధ్య నుంచి వైరు గుండు మధ్యకు పాత లివర్‌లో 28 మి.మీ., దీంట్లో 31. ఆ 3 మి.మీ. వల్ల వైరు ఎక్కువ లాగుతుంది, బరువు కూడా అంతే ఎక్కువవుతుంది. త్రాసు 5.1 చూపించింది. వైరు మార్చి సంపాదించుకున్న తేలికతనంలో చాలావరకు ఒక్క లివర్‌తో పోయింది. కొనేటప్పుడు రంగు చూడకండి, ఈ కొలత చూడండి.

లివర్ వెనక్కిచ్చేసి అసలు లివర్‌కే పని పెట్టాం. వదిలేసినప్పుడు లివర్ మడమ (కీలు దగ్గరి మొదలు) బ్రాకెట్ గోడకు తగిలి ఆగుతుంది. ఆ తగిలే చోటు కీలు నుంచి 18 మి.మీ. దూరం. అక్కడ మడమలోంచి ఎం4 మర రంధ్రం (3.3 మి.మీ. డ్రిల్లు, తర్వాత మర కోసే ట్యాప్), అందులో స్టీలు స్క్రూ, వెనక లాక్ నట్టు. స్క్రూ కొస గోడకు తగిలి లివర్‌ను ముందే ఆపుతుంది. ఎం4 మర ఒక చుట్టుకు 0.7 మి.మీ. జరుగుతుంది, వేళ్ళ దగ్గర అది సుమారు 5 మి.మీ. రెండుంపావు చుట్లకు 106 కాస్తా 95 అయింది. డ్రిల్లు చేత్తో పట్టుకుని వెయ్యకండి, స్టాండ్ డ్రిల్లు ఉన్న లేత్ షాపు రాణిగంజ్‌లో అడుగడుగునా ఉంది. రంధ్రం వంకరపోతే లివర్ పక్కకు తోసుకుంటుంది.

ఆ స్క్రూ ఊడిపోతే? లివర్ పాత చోటికి బయటికి పోతుంది, ప్లే (వైరు బిగిసేలోపు లివర్ ఖాళీగా కదిలే దూరం) పెరుగుతుంది, గ్రిప్‌కు ఆనేదాకా లాగితే క్లచ్ ఎప్పటిలాగే విడుతుంది. లివర్ చేతికి మళ్ళీ దూరమవుతుంది కానీ బండి అదుపు తప్పదు. అందుకే ఈ మార్పుకు ఒప్పుకున్నాం. ఇదే పని బ్రేకు వైపు చేస్తే ఏమవుతుందో కింద రాశాం.

లివర్ దగ్గరైతే లాగే దూరం తగ్గుతుంది. గ్రిప్‌కు ఆనేదాకా ఇప్పుడు 50 మి.మీ., అంటే వైరు దగ్గర సుమారు 10.9. అందులోంచి ప్లే పోవాలి. యజమాని పుస్తకంలో ప్లే లివర్ కొస దగ్గర 10–20 మి.మీ. అని ఉంటుంది. 15 పెట్టి చూస్తే, మెయిన్ స్టాండ్ మీద ఇంజన్ వేడెక్కాక ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా పట్టినా వెనక చక్రం బలంగా తిరుగుతోంది, న్యూట్రల్ పడటం లేదు. 10కి తగ్గిస్తే సరిపోయింది. పెద్ద సర్దుబాటు ఇంజన్ దగ్గరి నట్లతో చెయ్యాలి. లివర్ దగ్గరి నట్టు చిన్న సవరణలకు మాత్రమే. దాన్ని బయటికి మొత్తం తీసి వదిలేస్తే మరలు అంచు మీదే వేలాడి ఒక రోజు విరుగుతాయి.

10 కన్నా తగ్గించలేదు. ప్లే లేకపోతే క్లచ్ ప్లేట్లు పూర్తిగా కలవవు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి కదలదు, ప్లేట్లు కాలతాయి. ఫిలింనగర్ ఎత్తు మీద మూడో గేరులో పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి చూశాం. జారలేదు.

రెండో ఆదివారం: బ్రేకు, అసలు జాగ్రత్త ఇక్కడే

బ్రేకు సిలిండర్ మూత తీసి లోపల చూస్తే అడుగున రెండు రంధ్రాలు. ఒకటి పెద్దది, ఇంకోటి గుండుసూది మొనంత. బ్రేకు వదిలేసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కొచ్చి ఆ చిన్న రంధ్రం తెరిచి ఉండాలి. వేడెక్కి ఉబ్బిన ఆయిల్ డబ్బాలోకి తిరిగి వచ్చే దారి అదే. పిస్టన్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ముందుకు కదిలితే చాలు, లోపలి రబ్బరు కప్పు దాన్ని మూసేస్తుంది. బ్రేకు పని మొదలయ్యేది అక్కడి నుంచే.

క్లచ్‌కు చేసినట్టు బ్రేకు లివర్‌ను స్క్రూతోనో, మధ్యలో రేకు పెట్టో దగ్గరకు నొక్కి ఉంచితే పిస్టన్ సగం నొక్కుకునే ఉంటుంది. దారి మూసుకుంటుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, పోవడానికి చోటు లేక ప్యాడ్లను నొక్కుతుంది, దాంతో ఇంకా వేడి. చివరకు ముందు చక్రం తనంతట తానే పట్టేస్తుంది. హైదరాబాద్ మే నెల ఎండలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

కాబట్టి బ్రేకుకు మీట ఉన్న లివరే దారి. అందులో పిస్టన్‌ను తోసే ముక్క వేరు, వేళ్ళు పట్టే పిడి వేరు. మీట తిప్పితే పిడి మాత్రమే దగ్గరకు వస్తుంది. మొదట తెచ్చిన లివర్‌కు ఆ తోసే మొన అసలుదానికన్నా 0.6 మి.మీ. పొడవు. చూడటానికి బాగా కూర్చుంది. బ్రేకు కూడా "పదునుగా" ఉందనిపించింది. ఆ పదునే ప్రమాదం గుర్తు. పరీక్ష ఇలా: మూత తీసి, చుట్టూ తడిగుడ్డ కప్పి, లివర్‌ను వేలితో చాలా నెమ్మదిగా, కొంచెం మాత్రమే నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్న బ్రేకులో మొదటి కదలికకు ఆ సన్నని రంధ్రం పైన చిన్న ఊటలా ఆయిల్ లేస్తుంది. గట్టిగా నొక్కితే కళ్ళలోకి చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టండి. ఈ లివర్‌తో ఊట రానే లేదు. ఇక రోడ్డు మీదికి తీయలేదు. మొన రాయొచ్చు కదా అంటారు. ఎక్కువ రాస్తే లివర్ సగం దాకా ఖాళీగా పోతుంది, మళ్ళీ అతకడం కుదరదు. మార్చి తెచ్చాం.

రెండో లివర్ మొన వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే పాతదానితో సరిపోయింది. ఊట వచ్చింది. లివర్ కొస దగ్గర 3 మి.మీ. ఖాళీ కదలిక ఉంది. మీట మూడో అంకెలో 93 మి.మీ. ఒకటో అంకె ఇంకా దగ్గర గానీ, గట్టిగా పట్టినప్పుడు లివర్ కింది రెండు వేళ్ళకు తగిలి ఆగిపోతోంది. పూర్తి బలంతో పట్టినా గ్రిప్‌కీ లివర్‌కీ మధ్య రెండు వేళ్ళ సందు మిగలాలి. మిగలకపోతే దూరం తగ్గించే ముందు బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలి తీయించండి.

కీలు బోల్టును వేళ్ళతో బిగించినంతే బిగించి, దాని కింది నట్టును 6 న్యూటన్ మీటర్లకు. బోల్టునే బిగిస్తే బ్రాకెట్ చెవులు దగ్గరకు వచ్చి లివర్ తిరిగి రాదు, మళ్ళీ అదే ప్రమాదం. బ్రేకు లైటు స్విచ్ చిన్న మీటను కొత్త లివర్ వదిలేసినప్పుడు నొక్కి పట్టాలి. ఈ లివర్‌తో లైటు వెలిగాకే ప్యాడ్లు పట్టుకుంటున్నాయి, అదే సరైన వరస. ట్యాంకు మీద పడ్డ రెండు చుక్కల బ్రేకు ఆయిల్‌ను వెంటనే నీళ్ళతో కడిగాం. తుడిస్తే పెయింటు మీద ఇంకా పరుచుకుంటుంది.

యాక్సిలరేటర్ ప్లే గ్రిప్ అంచు దగ్గర 2–6 మి.మీ. మధ్య ఉండాలి. 3 పెట్టాం. అద్దాల కాడలు బ్రాకెట్లలోనే ఉంటాయి కాబట్టి అవీ వాలిపోయాయి, మళ్ళీ సర్ది లాక్ నట్లు బిగించాం.

మూడో వారం: రోడ్డు మీద

మొదట నెక్లెస్ రోడ్డులో పొద్దున ఆరింటికి, ఖాళీగా ఉన్నప్పుడు. ఔటర్ రింగు రోడ్డు మీదకు టూ వీలర్లను రానివ్వరు కాబట్టి పొడవాటి ఖాళీ రోడ్డుకు ఇదే దిక్కు. పది కిలోమీటర్ల తర్వాత డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి (తాకకుండా). మెయిన్ స్టాండ్ మీద ముందు చక్రం లేపి తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. తిరిగింది. హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పి ఐడిలింగ్ మారడం లేదని కూడా చూశాం.

తర్వాత సాయంత్రం ఆరున్నరకు పంజాగుట్ట. బ్రేకు మీద రెండు వేళ్ళ రెండో కణుపు ఆనుతోంది. ఎడమ బొటనవేలి నొప్పి తగ్గింది, పోలేదు. వాలు 27 నుంచి 29కి దించితే లక్డీకాపూల్ చేరేదాకా కూడా నొప్పి రాలేదు. రెండు డిగ్రీలకు అంత తేడా ఉంటుందని కొలతల రోజున అనుకోలేదు.

300 కి.మీ. అయ్యాక ప్లే 10 నుంచి 17కి పెరిగింది. కొత్త వైరు సాగుతుంది, తొడుగు చివరలు గూళ్ళలో సర్దుకుంటాయి, మామూలే. ఇంజన్ దగ్గరి నట్లతో మళ్ళీ 10కి తెచ్చాం. మడమ స్క్రూ లాక్ నట్టు మీద తెల్ల పెయింటు గీత గీశాం, గీత పక్కకు జరిగితే వదులైనట్టు. వానలు మొదలయ్యాక ఆ మరలో తుప్పు పట్టిందేమో చూడటం, కీలు బోల్టు ఊడదీసి గ్రీజు మార్చడం మిగిలాయి.